మూడో గుండీ

మూడో గుండీ దగ్గర వేలు మొరాయించింది. గడియారాల మెకానిక్ అద్దం ముందు నిలబడి కుడి చూపుడువేలిని బతిమాలాడు, తిట్టాడు, చివరికి నోటితో ఊదాడు కూడా. దగ్గరివి చూసే కళ్లద్దాలు వర్క్‌షాపు బల్ల మీదే ఉండిపోవడంతో గుండీ ఎక్కడుందో, కాజా ఎక్కడుందో అంతా తడుములాటే.

"ఏమే, కాస్త ఇలా వచ్చి ఈ మూడూ పెట్టవే."

"నాకు చేతినిండా పనుంది. మీరే పెట్టుకోండి," అంది భార్య పక్కగదిలోంచి. మరో చొక్కా ఇస్త్రీ చెయ్యడం తప్ప ఆమెకు ఆ పూట వేరే పనేమీ లేదని ఆయనకు తెలుసు.

బస్సు తలుపు మధ్య పడి వేలు విరిగింది. ఆరు వారాల తర్వాత కట్టు విప్పితే అది పుల్లలా బిగుసుకుపోయి ఉంది. వంచితే ప్రాణం పోయేది. ఇంట్లో ఎవరినీ వేలెత్తి చూపే వీలు లేక కొంపంతా ప్రశాంతంగా ఉందని భార్య వేళాకోళం చేసింది గానీ, ఆయన భయం ఆమెకు తెలియనిది కాదు. దెబ్బ తగిలి సెలవు పెట్టినవాడు మళ్లీ తన కుర్చీలో కూర్చోవాలంటే మేస్త్రీ కళ్లెదుట ఒక చేతిగడియారం విప్పి బిగించాలి. ఆవగింజలో సగం లేని స్క్రూ ఒక్కటి జారినా సరే, ఇక మిగిలినకాలం అట్టపెట్టెలు కట్టే గదిలోనే. కిటికీ పక్కనున్న ఆ కుర్చీలో ఆయన పంతొమ్మిదేళ్లు కూర్చున్నాడు. పరీక్ష ఇంకో నాలుగు రోజుల్లో ఉంది.

కట్టు విప్పిన మర్నాడే భార్య ఒక నియమం పెట్టింది. పని లేకపోయినా పొద్దున్నే యూనిఫాం చొక్కా తొడుక్కోవాలి. మెడ దాకా గుండీలన్నీ కుడిచేత్తోనే పెట్టుకోవాలి. లేకపోతే పనికి వెళ్లే అలవాటే తప్పిపోతుందట. ఉన్నవి రెండు చొక్కాలు. ఉతకడం, ఇస్త్రీ చెయ్యడం ఆమె వంతు.

ఆసుపత్రిలో వ్యాయామాలు నేర్పే అమ్మాయి ఇచ్చిన రబ్బరు బంతిని మాత్రం ఆయన రెండు రోజులు పిసికి, నొప్పి భరించలేక బీరువా వెనక్కి దొర్లించేశాడు. అది భార్య చూసింది. చూసి కూడా ఏమీ అనలేదు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె ఏమీ అనకుండా ఊరుకున్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఆయనకు అంతుపట్టనిది వేరే ఉంది. మొదటి వారంలో అయిదు గుండీలూ టీ చల్లారేలోగా పెట్టేసేవాడు. రెండో వారానికి పావుగంట పట్టింది. ఇప్పుడు అరగంటైనా చాలడం లేదు. వేలు రోజురోజుకీ చచ్చుబడుతోందని బెంగపెట్టుకుని ఆసుపత్రికి పోతే, ఆ అమ్మాయి వేలు వంచి కోణం కొలిచి మురిసిపోయింది.

"బంతి బాగా పిసుకుతున్నట్టున్నారు బాబాయ్ గారూ. కిందటి వారం కంటే పది డిగ్రీలు ఎక్కువ వంగింది."

ఆయన బంతి సంగతి మింగేసి, గుండీల సంగతి చెప్పాడు. ఆమె గుడ్డకు గుండీలు కుట్టిన పలక ఒకటి ముందు పెట్టింది. అన్నీ ఇట్టే కాజాల్లో దూరాయి. ఇంట్లో ఏదో కంగారు పడుతున్నారని చెప్పి ఆ అమ్మాయి నవ్వేసింది. కంగారు పడటానికి ఇంట్లో పులేమైనా ఉందా? చొక్కా కుంచించుకుపోయిందేమోనని అనుమానించాడు గానీ, మనిషి చిక్కిపోవడంతో అది వదులుగానే వేలాడుతోంది. ఇంట్లో పిల్లి, వీధిలో పులి అన్న సామెత మనుషులకే అనుకున్నాడు ఇన్నాళ్లూ. వేళ్లకు కూడా వర్తిస్తుందని తెలియదు. ఏది నమ్మాలో తోచక కుడితిలో పడ్డ ఎలుకలా నాలుగు రోజులూ కొట్టుకున్నాడు.

పరీక్ష రోజు పొద్దున నాలుగో గుండీ దాకా వచ్చేసరికి నుదుట చెమట పట్టింది. మంచం మీద కూలబడ్డాడు.

"నేను వెళ్లను. గుండీ పెట్టుకోలేనివాడు స్క్రూ ఏం బిగిస్తాడు? పెట్టెలే కట్టుకుంటాను."

"వెళ్లి ఓడిపోయి రండి, ఒప్పుకుంటాను," అంది భార్య. "వెళ్లకుండా ఓడిపోతే మాత్రం ఒప్పుకోను."

సరిగ్గానే ఉన్న ఆయన కాలరును ఆమె మళ్లీ మళ్లీ సర్దింది. తనకంటే ఆమే ఎక్కువ భయపడుతోందని ఆయనకు అప్పుడు అర్థమైంది. అయిదో గుండీ ఎలాగో పెట్టుకుని బయల్దేరాడు.

మేస్త్రీ గడియారం ముందు పెట్టి చేతులు కట్టుకు నిలబడ్డాడు. ఆయన బల్ల మీదున్న తన కళ్లద్దాలు పెట్టుకుని సన్నటి పట్టకారు అందుకున్నాడు. వేలు తొణకలేదు. స్క్రూలు ఒకదాని వెనక ఒకటి పిలిచినట్టు వచ్చి కూర్చున్నాయి. గడియారం టిక్కుమంది. వేలు విరిగితే పని ఇంత బాగా వస్తుందని ముందే తెలిస్తే అందరివీ విరగ్గొట్టి ఉండేవాణ్ణన్నాడు మేస్త్రీ.

ఇంటికొచ్చి చెబితే భార్య ఉన్నచోటే చతికిలబడి కాసేపు ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, రేపటికి ఉతకాలంటూ ఒంటి మీది చొక్కా విప్పించి పట్టుకుపోయింది.

మర్నాడు పనికి బయల్దేరుతూ ఆయన అద్దం ముందు నిలబడ్డాడు. టీ వచ్చేలోగానే అయిదు గుండీలూ పడిపోయాయి. నమ్మలేక మూడోది విప్పి మళ్లీ పెట్టాడు.

"నిన్న పొద్దున అరగంట పట్టిందే. ఒక్క రోజులో వేలు ఎలా బాగుపడింది?"

"కుర్చీ దొరికింది కదా, దానికీ ధైర్యం వచ్చుంటుంది," అంటూ ఆమె టీ చేతికిచ్చింది.

అయి ఉండవచ్చని ఆయన తలాడించాడు గానీ, మెట్లు దిగుతున్నంతసేపూ ఆ వేలినే అయోమయంగా చూసుకున్నాడు.

కాజాలు ఇరుకయ్యేలా రోజుకొకటిగా వేసిన కుట్లన్నీ ఆమె నిన్న సాయంత్రం విప్పేసింది.