ఆరని జిగురు

"క్లాంపులు విప్పెయ్, ఎర్మాన్స్!" షెడ్డు గుమ్మంలోంచి అరిచాడు మేస్త్రి ఫుల్బేర్. అతని చేతిలో పెట్రోలు డబ్బా ఉంది.

"విప్పను," అంది ఎర్మాన్స్. విమానం రెక్క మీద వంచిన తల ఎత్తలేదు.

"జర్మన్లు పారిస్ గుమ్మంలో ఉన్నారే! ఎగిరేదైతే ఈ సాయంత్రమే ఎగరాలి. లేదంటే తగలబెట్టెయ్యమని పైనుంచి ఆర్డరు."

ఆ షెడ్డులో పూర్తయిన యుద్ధవిమానం అదొక్కటే. చెక్కతో చేసింది. దీని నమూనాని నడిపి చూసిన పైలట్లంతా, ఇంత వేగం ఫ్రాన్సులో దేనికీ లేదన్నారు. కానీ ఇంజను వచ్చిననాడు ప్రొపెల్లర్ లేదు. ప్రొపెల్లర్ వచ్చిననాడు ఇంజను ఇంకో ఫ్యాక్టరీకి వెళ్ళిపోయింది. ఆ రెండూ ఒకచోట చేరేసరికి యుద్ధం పెరట్లోకి వచ్చేసింది. ఆ విమానం వెనకాల సగం సగం చేసిన విమానాలు పక్కటెముకలు బయటపెట్టుకుని వరసగా నిలబడి ఉన్నాయి.

నిన్న షెడ్డు ముందున్న విమాన మైదానంలో పడిన బాంబు ముక్క ఒకటి ఎగిరొచ్చి ఎడమ రెక్క మొదట్లో దూలాన్ని చీల్చేసింది. ఎర్మాన్స్ ఆ చీలికలో జిగురు నింపి, పైన కొత్త చెక్క అతికి, ఆరేదాకా కదలకుండా క్లాంపులు బిగించింది. పాల విరుగుడు పొడితో కలిపిన జిగురు అది. షెడ్డంతా పులిసిన వాసన.

లెఫ్టినెంట్ తాంగీ రెక్క కిందికి వంగి చూశాడు. గడ్డం ఇంకా సరిగా రాని కుర్రాడు. ఆ విమానాన్ని దక్షిణానికి తీసుకుపోవడానికి వచ్చాడు.

"అమ్మా, మెల్లగా పోతాను. బొర్దో దాకా ఒకటే పరుగు. వంకర్లు తిరగను, పల్టీలు కొట్టను. సరేనా?"

"దారిలో జర్మనీవాడు వెంటపడితే?"

"అప్పుడు కొడతాను."

"అప్పుడు నీకన్నా ముందు నీ రెక్క కింద పడుతుంది."

"పడితే పడనీ," అన్నాడు ఫుల్బేర్. "వాళ్ళ చేతిలో మాత్రం పడదు కదా!"

"మేస్త్రీ, ఆ పడేదాంట్లో నేనూ ఉంటాను," అన్నాడు తాంగీ.

ఎర్మాన్స్ అతని చూపుడువేలు పట్టుకుని అతుకు మీద నొక్కింది. వేలు అంటుకుని, తీగ సాగింది.

"చూశావా? ఇంకా పెరుగులా ఉంది. తెల్లారేసరికి రాయవుతుంది. ఒక్క రాత్రి ఆగు నాయనా."

"ఆ ఒక్క రాత్రే మన దగ్గర లేదే, మొండిదానా!" ఫుల్బేర్ డబ్బా మూత తిప్పాడు.

ఎర్మాన్స్ వెళ్ళి విమానానికి, డబ్బాకి మధ్య నిలబడింది.

"రోడ్లు చూశావా నువ్వు? మంచాలూ కోళ్ళూ ముసలాళ్ళూ ఎక్కిన బళ్ళతో చీమ దూరే సందు లేదు. మనమే కదల్లేకపోతున్నాం, వాళ్ళెట్లా వస్తారు? రేపు మధ్యాహ్నం దాకా రాలేరు. ఇన్నాళ్ళూ ఆలస్యం చేసింది పెద్దవాళ్ళు. ఈ ఒక్క రాత్రి ఆలస్యం నాది. దీంట్లో కూర్చున్నవాడు బతకాలనే కదా చేస్తున్నాను!"

తాంగీ వేలు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"చచ్చేందుకు తొందరేముందిలే," అన్నాడు చివరికి. "ఈలోగా మైదానంలో గుంతలు పూడ్పిస్తాను. తెల్లారగానే వస్తా. దీన్ని జాగ్రత్తగా చూసుకో అమ్మా."

అతను వెళ్ళాక ఫుల్బేర్ డబ్బా వంక చూశాడు.

"మరి ఈ పెట్రోలు?"

"నీ వ్యాన్లో పోసుకో. మీ ఆవిడ ఇందాకట్నుంచీ హారన్ కొడుతోంది."

ఫుల్బేర్ ముఖం ఎర్రబడింది. అయినా డబ్బా వదల్లేదు. "ఎవరైనా అడిగితే తగలబెట్టేశాననే చెప్తా. నన్ను ఇరికించకు," అంటూ వెళ్ళిపోయాడు.

రాత్రి చలికి జిగురు ఆరడం ఆలస్యమవుతుందని ఎర్మాన్స్ తన కోటు విప్పి అతుకు మీద కప్పింది. తను చెక్క రజనులో ముడుచుకుని పడుకుంది.

కిటికీలు తెల్లబడుతుండగా లేచింది. వేలితో అతుకు మీద కొట్టి చూసింది. గట్టిగా, నిండుగా పలికింది. పట్టలేనంత సంతోషంతో రెక్క కింద చేరి, ఒక్కొక్క క్లాంపూ విప్పడం మొదలుపెట్టింది. బయట లారీ ఆగిన చప్పుడైంది. గుంతలు పూడ్చినవాళ్ళు వచ్చారనుకుంది.

బూట్లు లోపలికొచ్చాయి. రెక్క పక్కన ఆగాయి. పైన ఎవరో అతుకు మీద వేళ్ళతో తట్టారు. తర్వాత రెండు చేతులూ రెక్క మీద ఆనించి బరువంతా వేసి నొక్కారు. రెక్క కిర్రుమనలేదు. మెచ్చుకోలుగా చిన్న ఈల వినిపించింది.

"చెప్పానా నాయనా!" అంది ఎర్మాన్స్ కిందనుంచే, ఆఖరి క్లాంపు విప్పుతూ. "ఇక నీ ఇష్టం వచ్చినన్ని పల్టీలు కొట్టుకో. ఊడితే నన్నడుగు!"

పైనున్న మనిషి నవ్వాడు. కుర్రనవ్వు, మనసారా నవ్విన నవ్వు. తర్వాత ఏదో పొడుగ్గా చెప్పాడు. అందులో ఒక్క మాట కూడా ఎర్మాన్స్‌కి అర్థం కాలేదు.

ఇంకో జత బూట్లు వచ్చి పక్కన నిలబడ్డాయి. ఆ గొంతు శుభ్రమైన ఫ్రెంచిలో, ఎంతో మర్యాదగా అంది:

"చాలా బాగా అతికారంటున్నారు మా కెప్టెన్ గారు. దీన్ని ఈరోజే జర్మనీకి ఎగరేసుకుపోతారట. వెనకున్నవాటి పని కూడా మీ చేత్తోనే పూర్తి చెయ్యమంటున్నారు."