దెబ్బకు తగ్గ బియ్యం

ఉచిత బియ్యం జనాన్ని సోమరుల్ని చేస్తోందని కొత్త చట్టం తెచ్చారు. అప్పట్నుంచి రేషన్ డిపోలో లాఠీదెబ్బ తింటేనే బియ్యం. దెబ్బ ఎంత గట్టిదైతే, దాన్ని కొలిచే మిషను అంత ఎక్కువ గింజలు వదులుతుంది. కొట్టే ఉద్యోగం పైడిరాజుది. ఆ చట్టం కావాలని ఊరేగింపుల్లో గొంతు చించుకున్నవాడే. "ఊరికినే తింటే ఒళ్లొంగదు" అంటూ బలమంతా పెట్టి బాదేవాడు.

ఇవాళ వరసలో అతని అక్క ఎర్రయ్యమ్మ వచ్చింది. పైడిరాజు లాఠీని ఆమె భుజానికి మెల్లిగా ఆనించాడు. గుప్పెడు గింజలు రాలాయి.

"గట్టిగా కొట్రా తమ్ముడూ, ఇంటికాడ నలుగురున్నారు."

కళ్లు మూసుకుని కొట్టాడు. ఎముక పటుక్కుమంది. సంచి నిండింది.

వేలాడుతున్న చెయ్యి చూసి అతను బావురుమన్నాడు. ఎర్రయ్యమ్మ రెండో చేత్తో సంచి ఎత్తుకుంది.

"ఏడవకురా. ఊరికినే ఇచ్చావన్న మాట నీకు రాదులే."