మా ఆయన కాళ్ల సత్తా

అమెరికాలోని బ్లాక్ హిల్స్‌లో పట్టాలు పీకేసిన ఈ కొండదారి మీదే మా ఆయన లోవెల్ ఒకప్పుడు రైలింజను నడిపాడు. ఇప్పుడు వెనక్కి వాలి తొక్కే మూడు చక్రాల సైకిలెక్కి, నేనెక్కిన సైకిల్ని కొక్కెంతో వెనక తగిలించుకుని ఎత్తెక్కుతున్నాడు.

"మోటారు లేకుండానే, తాతగారూ?" అంది ఎదురొచ్చిన అమ్మాయి.

"కాళ్లున్నాయిగా! మా ఆవిణ్ణి కూడా నేనే లాగుతున్నా!"

నా సీటు కింద దాచిన మోటారు జోరు ఇంకాస్త పెంచాను. గుండె ఆపరేషనైన మనిషి. తెలిస్తే మళ్లీ సైకిలు ముట్టడు.

పైన ఆగిన సైకిలువాళ్లందరూ చప్పట్లు కొట్టారు. ఛాతీ విరుచుకుని ఫొటోలు దిగాడు.

వాళ్లు వెళ్లాక కొక్కెం విప్పుతూ అన్నాడు:

"ఈ ఎత్తులో మా రైలుని రోజూ వెనకనుంచి ఇంకో ఇంజను నెట్టేదోయ్. ఆ సంగతి ప్రయాణికులకి నేనెప్పుడూ చెప్పలేదు. రేపటి ఎత్తు ఇంకా ఎక్కువ. చార్జింగు పెట్టడం మర్చిపోకు."