అందరూ ఎక్కేశారు

ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు ఓడ ముక్కు ఇసకను తాకింది. అంతకుముందే, ఒడ్డుకు రెండు వందల మీటర్ల దూరాన, నావికుల పెద్ద అయిన సరంగు ఓడ వెనకున్న లంగరు దింపేశాడు.

ట్యాంకులను ఒడ్డున దించడానికి కట్టిన ఓడ అది. అడుగు చదును. ముక్కు దగ్గర తలుపులు తెరుచుకుంటాయి, లోపలి నుంచి ర్యాంపు ఇసక మీదికి దిగుతుంది. తిరిగి నీళ్లలోకి రావాలంటే లంగరు తాడును యంత్రంతో చుడుతూ ఓడను వెనక్కి లాగాలి.

ఆ రోజు ట్యాంకులు లేవు. ఊరు ఖాళీ చేస్తున్న జనం ఉన్నారు. ఏడున్నరకు ఆటు మొదలై నీళ్లు వెనక్కి తగ్గుతాయి. ఎనిమిది దాటితే ఓడ కదలదు. కొండ వెనక ఫిరంగులు అప్పటికే పేలుతున్నాయి.

సరంగుది వెనక యంత్రం. ముక్కు దగ్గర అతని అల్లుడు. మధ్య వంద మీటర్లు. ఒకరికొకరు కనపడరు. పొడవాటి తీగ ఉన్న ఫోనే దిక్కు.

“ఎంతమంది ఎక్కారు?”

“సగం. ఒక ముసలమ్మ కుట్టుమిషను వదలనంటోంది మామయ్యా.”

“మిషనుతో సహా ఎత్తి లోపల పడెయ్.”

“ఎత్తాం. పడవ గియ్యమంటే పెట్టె గీశాడని ఈ ఓడ గీసినాయన్ని మీరు తిడతారుగా! ఇవాళ ఆ పెట్టే పనికొచ్చింది.”

“కబుర్లు చాలు. అమ్మాయికి నెలలు నిండాయి. సాయంత్రానికి నిన్ను ఇంట్లో అప్పజెబుతానని మాటిచ్చాను.”

ఏడూ నలభై ఐదుకు ఫోను మళ్లీ మోగింది.

“ర్యాంపు లేవట్లేదు. కొస ఇసకలో కూరుకుపోయింది.”

“తవ్వించు.”

“ఆ పనిలోనే ఉన్నా.”

సరంగు యంత్రం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఏడూ యాభై ఎనిమిది.

“లేచింది! అందరూ ఎక్కేశారు మామయ్యా. లాగండి.”

“తలుపులు?”

“మూస్తున్నారు. లాగండి!”

లాగాడు. తాడు బిగిసింది. రెండో నిమిషంలో ఓడ ఇసక వదిలింది.

ఎనిమిదీ ఇరవైకి, లోపల మూడు వందల పన్నెండు మంది ఉన్నట్టు కెప్టెన్ రాసుకున్నాడు. తర్వాత వెనక యంత్రం దగ్గరికి నడిచి వచ్చాడు.

“మీ అల్లుడు చివర్లో ఏమన్నాడు?”

“అందరూ ఎక్కేశారన్నాడు.”

“ఎక్కేశాం అనలేదా?”

“లేదు. ఏం సార్?”

కెప్టెన్ ముక్కు వైపు చూశాడు. సరంగు ముక్కు దాకా పరిగెత్తాడు.

మూసిన తలుపుల సందులోంచి ఫోను తీగ బయటికి వెళ్లి ఉంది.