డాబా మీద సున్నం

"అమ్మా, ఒక్కసారి మీ డాబా తాళం ఇస్తారా?"

మేనేజరమ్మ తలెత్తి చూసింది. ఎవరో పెద్దాయన, చేతిలో సంచీతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఎందుకండీ?"

"సున్నం కొడదామని."

ఆ అపార్ట్‌మెంటు బాగోగులు చూసేది ఆమే. మోటారు ఆగినా, లిఫ్టు ఆగినా అందరూ ఆమె తలుపే తడతారు. అయితే డాబాకి సున్నం కొట్టమని ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆయన నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. తాను వెనక వీధిలో దర్జీనన్నాడు. నల్లబడిన డాబా ఎండనంతా తాగేసి కింద ఇంటిని పొయ్యి చేస్తుందని, తెల్లగా ఉంటే అంత వేడి దిగదని అన్నాడు. సున్నం తానే తెచ్చుకుంటాడట. కూలి వద్దట.

ఆ చివరి మాట దగ్గరే ఆమెకు అనుమానం వచ్చింది. ఊరికే చేస్తామని వచ్చినవాళ్ళు ఆనక ఏం అంటగడతారో ఆమెకు తెలియనిది కాదు. కమిటీని అడిగి చెబుతానని పంపేసింది. అడగలేదు.

కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చాడు. ఈసారి కాస్త కటువుగానే వద్దంది.

ఎండలు ముదిరాయి. మధ్యాహ్నమైతే చాలు, ఇంటింటా ఏసీలు ఒక్కసారే మొదలై ఫ్యూజు ఎగిరిపోయేది. కరెంటు చూసి వాడమని ఆమె మెట్ల దగ్గర కాగితాలు అంటించింది. వాటిని ఎవరైనా చదివారో లేదో గానీ, కరెంటు పోగానే ఆమెను తిట్టుకోని వాళ్ళు మాత్రం లేరు.

ఆమె కాపురం పై అంతస్తులో, సరిగ్గా డాబా కిందే. ఇంట్లో పురిటికొచ్చిన కూతురు, పసిగుడ్డు.

ఒక మధ్యాహ్నం పోయిన కరెంటు ఎంతకీ రాలేదు. పాప ఏడ్చి ఏడ్చి ఉన్నట్టుండి ఊరుకుంది. ఒళ్ళు కాలిపోతోంది.

"అమ్మా, ఇది కళ్ళు తెరవట్లేదే," అంది కూతురు. 

ఆసుపత్రికి పరిగెత్తారు. చీకటిపడే వేళకు పాప తేరుకుని పాలు తాగింది. ఇంట్లో వేడి వల్లే ఇలా అయిందని, ఇంకాస్త ఆలస్యమైతే చేయి దాటిపోయేదని డాక్టరమ్మ చెప్పింది.

మర్నాడు పొద్దున్నే మేనేజరమ్మ దర్జీ కొట్టు వెతుక్కుంటూ వెళ్ళింది.

"మాస్టారూ, తాళం తెచ్చాను."

ఆయన కుడుతున్న చొక్కా మిషను మీదే వదిలేసి లేచాడు.

పనిమంతుడేమీ కాదు. డాబా మీద ఎంత సున్నం పడిందో ఆయన నెత్తి మీదా అంత పడింది. అయినా రెండు పూతలు వేసేదాకా దిగలేదు. వేడిగాలి పైనుంచి పోవాలని, మెట్ల గదిలో బిగుసుకుపోయిన కిటికీని తంటాలు పడి తెరిచాడు. మూడోనాడు మందపాటి తెల్లగుడ్డతో ఆమె ఇంటి పడమటి కిటికీలకు తెరలు కుట్టి తెచ్చాడు. కొలతలు తీసుకోలేదు గానీ, అతికినట్టు సరిపోయాయి.

లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మంలోనే నిలబడి మంచినీళ్ళు తాగాడు.

"పాప పడుకుంటోందా ఇప్పుడు?"

"హాయిగా," అంది కూతురు.

తలూపి మెట్లు దిగిపోయాడు.

ఆ వేసవంతా పాప ఒంటిమీద చెమటకాయ లేదు. పై అంతస్తువాళ్ళు ఏసీలు తగ్గించారు, ఫ్యూజు ఎగరడం ఆగింది. అది చూసి పక్క బిల్డింగువాళ్ళూ సున్నం కలిపారు. మీటింగులో అందరూ చప్పట్లు కొడితే, ఆ మెప్పు తనది కాదని, మాస్టారిదని మేనేజరమ్మ చెప్పింది. ఆయన్ని పిలిచి నలుగురిలో మెచ్చుకోవాలనుకుంది. రేపు, ఎల్లుండి అనుకుంటూనే వానలు పోయాయి, చలీ పోయింది.

పాప తప్పటడుగులు వేస్తుండగా, దాన్ని చంకనేసుకుని బయల్దేరింది.

కొట్టు మూసి ఉంది. వెనకే ఇల్లు. తలుపు తీసినావిడ ఆయన భార్య. చలికాలంలోనే, నిద్రలో పోయారని చెప్పింది.

మేనేజరమ్మ ఆవిడతోపాటు గుమ్మంలోనే కూర్చుని, పాపను తీసి ఆవిడ ఒళ్ళో కూర్చోబెట్టింది.

"ఇది ఇలా నడుస్తోందంటే మాస్టారి చలవేనమ్మా. ఆ మాట చెబుదామనే వచ్చాను. ఆలస్యం చేశాను."

ఆవిడ పాప తల నిమిరింది. మీ బాల్కనీలో పసిబట్టలు ఆరేసి ఉండటం చూశాక ఆయన కుదురుగా కూర్చోలేదంది. తెరలు ఇచ్చి వచ్చిననాడు, పాప హాయిగా పడుకుంటోందట అని పదిసార్లు చెప్పి, కడుపునిండా అన్నం తిన్నారంది.

"మీరు తాళం ఇచ్చారు. ఆయనకి అదే చాలమ్మా."

"ఇన్ని బిల్డింగులుండగా మా ఇల్లే ఎందుకు పట్టించుకున్నారో ఎప్పుడూ చెప్పలేదండీ."

పాప ఆవిడ వేలు పట్టుకుని ఆడుకుంటోంది. ఆవిడ ఆ వేలు కదపకుండా, నెమ్మదిగా అంది:

"మీరు రాకముందు, ఎన్నో ఏళ్ళ కిందట, ఆ ఇంట్లో అద్దెకున్నది మేమేనమ్మా, మా పాప అక్కడ తొలి ఎండాకాలం దాటలేదు."