మూడో ముక్క

పక్కవీధి మిఠాయి దుకాణంవాడు చేసిన, క్రిస్మస్ తర్వాత వచ్చే రాజుల పండగ కేకును ఒదిలోన్ బల్ల మీద పడేశాడు. ఒదిలోన్ కూడా మిఠాయివాడే; తన దుకాణం మూసి గంటయింది.

"వెన్నట, వెన్న. కొవ్వొత్తి మైనం ఇది," అన్నాడు.

"తినేదాన్ని అలా అనకు," అంటూ భార్య మెలానీ మూడు ముక్కలు కోసింది. తమకు రెండు, అనుకోకుండా వచ్చే బీదవాడికి ఒకటి. ఆనవాయితీ. బల్ల కింద దూరి ఏ ముక్క ఎవరిదో చెప్పాల్సింది ఇంట్లో చిన్నపిల్లలు. వీళ్లకు పిల్లలు లేరు.

ఒదిలోన్ వెటకారంగా బల్ల తట్టాడు. "ఏరా, ఇది ఎవరికి?"

"ఆవిడకి," అంది కిందనుంచి చిన్న గొంతు.

మెలానీ కత్తి వదిలేసింది. ఒదిలోన్ రెండో ముక్క మీద వేలు పెట్టాడు.

"బయట నిలబడ్డాయనకి," అంది ఆ గొంతు.

వీధి తలుపు మీద ఎవరో మెల్లగా తట్టారు.

"మూడోది... నాదేగా?" అన్నాడు ఒదిలోన్.

"నీకెందుకురా? మైనమన్నావుగా."