ట్యాగ్ పెట్టినవాడు

సాయంత్రం ఆరింటికి, స్టీలు గ్లాసుకి ఆనించిన ఫోను చెప్పింది.

"డైసీ గారు చర్చిలో పాటల ప్రాక్టీసుకి వెళ్ళారు. వచ్చేస్తారు."

"సరేలే," అన్నాడు నాన్న. టీ తాగాడు.

డైసీ మా అమ్మ. పోయి పద్నాలుగు నెలలయింది.

నెల రోజులుగా ఇదే వరస. అమ్మ పోయిన సంగతి మరిచి నాన్న అడుగుతాడు, ఫోను చెబుతుంది. ఈ అబద్ధం దానికి ఎవరు నేర్పారో నాకు అంతుపట్టడం లేదు.

నాన్నకి మతిమరుపు. మాత్రలెప్పుడు వేసుకోవాలో, ఇవాళ ఏ వారమో చెబుతుందని నిరుడు ఆ మాట్లాడే యాప్ పెట్టింది నేనే. ఆయన అడిగిన ప్రశ్న నేరుగా ఎక్కడో ఉన్న ఏఐ మోడల్‌కి పోదు. మధ్యలో మా స్టీల్ ప్లాంటు సెక్టర్ 7 క్వార్టర్లో, ఫ్రిజ్ మీద, ఒక చిన్న ప్రాక్సీ సర్వర్ ఉంది. ఏ మోడల్‌ని అడగాలి, జవాబు ఎలా ఇవ్వమనాలి, అన్నీ అందులోనే సెట్ చేస్తాను.

పెట్టిన రోజున నాన్న దాని చుట్టూ తిరిగి చూశాడు.

"అంటే ఇది స్విచ్ రూమన్నమాట. ఏ స్విచ్చి ఎక్కడుందో తెలీకుండా నాను ఈ ఇంట్లో పడుకోను."

రైల్ మిల్లులో ముప్పై నాలుగేళ్ళు ఎలక్ట్రీషియన్ మరి. రెండు రోజులు నా బుర్ర తిని, సెట్టింగులన్నీ నేర్చుకున్నాడు. ఇప్పుడు చెప్పులు ఎక్కడ విడిచాడో గుర్తుండదు.

ఏసురత్నం అని నాన్న పేరు రాసిన పాత ఎర్ర ట్యాగ్ ఇంకా ఫ్రిజ్ పక్కన మేకుకి వేలాడుతోంది. మిల్లులో ఎవరైనా మిషను లోపలికి దిగేముందు, పేరు రాసి స్విచ్చికి కట్టే ట్యాగ్ అది. కట్టినవాడు బయటికొచ్చి తీసేదాకా ఎవరూ స్విచ్చి ముట్టుకోకూడదు.

మొదట మోడల్ మార్చాను. అమ్మ ప్రాక్టీసుకే వెళ్ళింది.

కల్పనలు తగ్గుతాయని టెంపరేచర్ అనే సెట్టింగు సున్నా చేశాను. ప్రాక్టీసుకే వెళ్ళింది.

దాచుకున్న పాత జవాబులన్నీ చెరిపేశాను. అబ్బే! ప్రాక్టీసే.

రాయ్‌పూర్‌లో ఉన్న తమ్ముడు హార్వేకి ఫోన్ చేశాను. సర్వర్ పాస్‌వర్డ్ వాడికీ తెలుసు.

"నువ్వేనా దీన్ని కెలికింది?"

"అరే దీదీ, నేనేటీ ముట్టుకోలేదు. కసమ్ సే, ఒట్టు." అన్నాడు వాడు. "ఉండనీ కదా. నాన్న ఖుష్‌గానే ఉన్నాడు కదా?"

"ఇవాళ అమ్మ గురించి కల్పించింది. రేపు బీపీ మాత్రల గురించి కల్పిస్తే?"



ఒకసారి నాన్నకి నేనే నిజం చెప్పాను. అమ్మ అప్పుడే పోయినట్టు ఏడ్చాడు. "నాకెవులూ సెప్పనేదేటే" అన్నాడు. మర్నాడు ఆరింటికి మళ్ళీ అడిగాడు.

హార్వేకి చెప్పని సంగతి ఇంకోటుంది. ఫోను ఆ మాట అన్నప్పుడల్లా నేను కూడా గేటు వైపు చూస్తున్నాను. నామీద నాకే ఒళ్ళు మండుతోంది.

శనివారం మధ్యాహ్నం లాప్‌టాప్ ముందు కూర్చుని సెట్టింగులన్నీ మొదటినుంచీ చదివాను. నేను రాసిన సూచనల్లో ఎక్కడా అమ్మ పేరే లేదు.

విసుగొచ్చి కీల జాబితా తెరిచాను. సర్వర్‌ని వాడుకోడానికి ఇంట్లో ఒక్కో ఫోనుకీ ఒక్కో కీ. ఒక్కో కీకి విడిగా సూచన రాసే గడి ఒకటుంది. ఆ గడి ఉన్న సంగతే మర్చిపోయాను. మతిమరుపు నాన్నకేనా!

నాన్న కీ దగ్గర గడి నిండా తెలుగు.

"ట్యాగ్. ఏసురత్నం, ఎలక్ట్రికల్. డైసీ ఏది అని నేను అడిగితే పాటల ప్రాక్టీసుకి వెళ్ళింది అని చెప్పాలి. చనిపోయింది అని చెప్పరాదు. నాకు తెలుసు. మనిషి లోపల ఉన్నాడు. ఈ ట్యాగ్ పెట్టినవాడే తియ్యాలి."

తేదీ నిరుడు ఆగస్టు పదకొండు. డాక్టరు నాన్న జబ్బు పేరు చెప్పిన మూడో రోజు.

ఆ మూడు రోజులూ నాన్న మామూలుగానే తిరిగాడు. చేపల పులుసు బాగుందన్నాడు కూడా.

సర్వర్ ఆపాను. ఆ నాలుగు ముక్కలూ చెరిపేసి మళ్ళీ ఆన్ చేస్తే అయిపోతుంది. డిలీట్ మీద వేలు పెట్టాను. ఎంతసేపు అలా ఉన్నానో తెలీదు.

నాన్న వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఏటే, అలా కూకుండిపోనావు?"

"నాన్నా, మీ మిల్లులో ట్యాగ్ కట్టినోడు తియ్యకుండా ఉండిపోతే ఏం చేసేవోళ్ళు?"

ఆయన వెన్ను నిటారయింది. గొంతు కూడా మారింది.

"ఆడు బయటికొచ్చాడో నేదో ముందది సూడాల. ఆడింటికెల్లయినా కనుక్కోవాల. పేరేటి రాసుంది?"

"ఏసురత్నం."

నుదురు ముడేసి ఆలోచించాడు.

"ఎవులో కొత్తోడనుకుంటాను. బయటికొచ్చీసాడా?"

ఆయన మొహంలోకి చూశాను. చాలాసేపు చూశాను.

"రాలేదు నాన్నా."

"మరింకేటి సూస్తన్నావు? ముందు సెయ్యి తియ్. మడిసి లోపలున్నాడు."

చెయ్యి తీసేశాను.

ఆరయింది. నాన్న ఫోను వైపు వంగాడు.

"డైసీ ఏదీ?"

సర్వర్ ఇంకా ఆపే ఉంది. ఫోను పలకలేదు.

ఇంకోసారి అడిగాడు. తర్వాత నా వైపు తిరిగాడు. కళ్ళలో భయం మొదలవుతోంది.

"పాటల ప్రాక్టీసుకెళ్ళింది నాన్నా," అన్నాను. "వచ్చేస్తుంది."